కేసు సిస్ట్ మీద కాదు, కనిపించని అండాశయం మీద

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. మాది ప్రకాశం జిల్లా. ఏడేళ్ల కిందట బ్లీడింగ్ ఆగడం లేదని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి తీసేశారు. ఇక ఏ బాధా ఉండదన్నారు. రెండు నెలల నుంచి పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి. స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో 6 సెంటీమీటర్ల సిస్ట్ ఉందని, కుడి అండాశయం కనిపించలేదని రాశారు. కుడిది తీసినట్టు మాకెవరూ చెప్పలేదు. అప్పట్లో ఫారాల మీద మావారే సంతకాలు పెట్టారు. ఇప్పుడు ఇంకో డాక్టరు మళ్లీ ఆపరేషన్ అంటున్నారు. అప్పుడే సరిగా చేసుంటే సిస్ట్ వచ్చేది కాదు, పోలీసు కేసు పెడదాం అంటున్నాడు మా అన్నయ్య. కేసు నిలుస్తుందా?

జవాబు: అన్నయ్యగారి బాధ అర్థమవుతోంది కానీ, అమ్మా, సిస్ట్ వచ్చిందన్న ఒక్క కారణంతో కేసు నిలవదు. 31 ఏళ్ల మనిషికి గర్భసంచి తీసినా అండాశయాలు బాగుంటే వాటిని ఉంచడమే మామూలుగా సరైన వైద్యం, ఎందుకంటే హార్మోన్లు వచ్చేది వాటి నుంచే, రెండూ తీసేస్తే ఆ వయసులోనే మెనోపాజ్ మీద పడుతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ మంచిది కాదు. ఉంచిన అండాశయం దాని పని అది చేసుకుపోతుంది, నెలసరి కనిపించదంతే. కాబట్టి సిస్టులూ రావచ్చు, చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి కూడా. ఇక పోలీసు కేసంటారా, డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం కనబడాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు రాసినదాంట్లో అది లేదు.

మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతే అసలు సంగతి. కుడి అండాశయం ఏమైంది?

కనిపించలేదంటే తీసేశారనే కాదు. పేగులు, గ్యాస్ అడ్డొచ్చి పొట్ట మీదనుంచి చేసే స్కాన్‌కి అండాశయం దొరక్కపోవచ్చు, ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ (యోని ద్వారా చేసేది)లోనో ఎమ్మారైలోనో చూడాలి. కాగితాల్లో అయితే అప్పటి బయాప్సీ రిపోర్టు వెతకండి. ల్యాబుకి ఏమేం వచ్చాయో, ఒక్కోటి ఎన్ని సెంటీమీటర్లుందో అందులో మొదట్లోనే రాస్తారు. అక్కడ కుడి అండాశయం అని ఉండి, డిశ్చార్జ్ సమ్మరీలో గర్భసంచి ఒక్కటే తీశామని ఉంటే, మీకు కేసు ఉంది.

ఆ ఆసుపత్రికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. కేస్ షీట్, కన్సెంట్ ఫారం, ఆపరేషన్ నోట్స్, బయాప్సీ రిపోర్టు అని పేరుపేరునా అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. చిక్కేంటంటే ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచితే చాలని కూడా అవే నిబంధనలు అంటాయి. లేవంటే ఆ మాటే రాసివ్వమనండి. ల్యాబును విడిగా అడగండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి ఉంటే అక్కడ కాపీలు ఉండొచ్చు.

సంతకం సంగతి. మీరు స్పృహలో ఉన్న, మేజరైన మనిషి. సంతానం కలగకుండా పోయే ఆపరేషన్‌కి భర్త సంతకం కూడా తీసుకోవచ్చు గానీ మీ సంతకానికి బదులుగా అది చెల్లదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో ఇదే జరిగింది. ఆమె ఒప్పుకున్నది పరీక్ష కోసం చేసే లాప్రోస్కోపీకి (చిన్న రంధ్రం గుండా కెమెరా పెట్టి లోపల చూడడం), మత్తులో ఉండగా తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు అలా కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. వచ్చిన పరిహారం మాత్రం 25,000 రూపాయలే, డాక్టరు ఫీజు కూడా రాకుండా చేశారు. పెద్ద మొత్తం వస్తుందని ఎవరైనా ఆశ పెడితే ఈ అంకె గుర్తు పెట్టుకోండి.

మీరు వేయాల్సింది పోలీసు కేసు కాదు, వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. దానికి గడువు రెండేళ్లు, 2019 వినియోగదారుల చట్టం 69వ సెక్షన్. ఆపరేషన్ రోజు నుంచి లెక్కేస్తే ఎప్పుడో దాటిపోయింది. లోపల జరిగింది మీకు తెలిసే దారే లేదు కాబట్టి తెలిసిన రోజు నుంచి లెక్కించమని అడగాలి. ఇక్కడ జాగ్రత్త. 2010లో శ్రీఖండే కేసులో, కడుపులో గాజ్ గుడ్డ ఉండిపోయిన పేషెంటుకి ఈ వాదన పనికి రాలేదు, ఏళ్ల తరబడి నొప్పి పడుతూ కూడా కారణం కనుక్కునే ప్రయత్నం చేయలేదని కోర్టు అంది. మీకు నొప్పి రెండు నెలల కిందటే మొదలైంది, ఆ తేదీ, స్కాన్ తేదీ ఉన్నదున్నట్టు రాసి, ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ కూడా కలిపి మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు.

మన దగ్గర ఈ ఆపరేషన్ ఎంత తేలిగ్గా చేసేస్తున్నారో చూస్తే కడుపు మండుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతా కలిపి 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది.

కేసు కోసం వైద్యం ఆపకండి. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, అప్పుడు లాయరు కాదు, ఆసుపత్రి. అలాంటిదేం లేకపోతే సంతకం పెట్టే ముందు రెండో డాక్టర్ని కలవండి. కుడిది నిజంగా లేకపోతే మీకు మిగిలింది ఎడమదొక్కటే, సిస్ట్ మాత్రం తీస్తారా, అండాశయమే తీస్తారా అని అడగండి, జవాబు కన్సెంట్ ఫారంలో తెలుగులో రాయించుకుని మీరే చదివి మీరే సంతకం పెట్టండి. కుడి అండాశయం లోపల ఉందో లేదో చూసి ఆపరేషన్ నోట్స్‌లో రాయమని ఆ డాక్టర్ని ముందే అడగండి. కళ్లతో చూసి రాసిన ఆ ఒక్క వాక్యం, పాత ఆసుపత్రి రికార్డులు ఇవ్వకపోయినా, కమిషన్ ముందు మీకు పనికొస్తుంది.