డాక్టర్ సలహా: తాతగారి థిక్కనర్ పొడితో పాప స్లైమ్ చేసుకోవచ్చా?

ప్రశ్న: పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా మామగారికి నీళ్లు తాగితే పొలమారుతోంది. స్పీచ్ థెరపిస్టు చెప్పినట్టు థిక్కనర్ పొడి, అంటే నీళ్లను చిక్కబరిచే పొడి కలిపి ఇస్తున్నాం. మా ఏడేళ్ల పాపకు స్లైమ్ అంటే ప్రాణం. బజార్లో కొన్న స్లైమ్‌తో ఆడాక వేళ్ల సందుల్లో ఎర్రబడి పొట్టు లేస్తోంది. తాతయ్య పొడితో స్లైమ్ చేయొచ్చని ఏదో వీడియోలో చూసి ఒకటే గొడవ. ఇంట్లో ఏడాదిన్నర బాబు కూడా ఉన్నాడు. చేయనివ్వచ్చా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: చేయనివ్వండమ్మా. కానీ మామగారి డబ్బా మాత్రం ముట్టనివ్వకండి. ఆయనకు అది మందుతో సమానం. పిల్లలు తడి స్పూను పెడితే పొడి ఉండలు కట్టి కొలత తప్పుతుంది. నెలాఖరుకు డబ్బా అడుగంటితే 'ఈ పూటకి మామూలు నీళ్లే ఇద్దాం' అనిపిస్తుంది. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఆటకు వేరే జాంతన్ గమ్, అంటే వంటల్లో చిక్కదనం కోసం వాడే జిగురు పొడి, చిన్న ప్యాకెట్ తెచ్చుకోండి. కేకుల సామాను అమ్మే షాపుల్లో అడగండి, బేగంబజార్ వైపు అలాంటివి ఉన్నాయి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది.

ఇంకో సంగతి. థిక్కనర్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో జాంతన్ గమ్‌కు మాల్టోడెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచి తీసే పొడి) కలిపి ఉంటుంది, అందుకే అవి నీళ్లలో సులువుగా కలుస్తాయి. కొన్ని మొక్కజొన్న స్టార్చ్‌తో చేసినవి. స్టార్చ్ రకంతో చేసిన స్లైమ్‌కు చిన్నపిల్లల చొల్లు తగిలిందంటే పల్చబడి కారిపోతుంది, ఉమ్మిలోని ఎంజైమ్ స్టార్చ్‌ను విరగ్గొడుతుంది కాబట్టి. జాంతన్‌కు ఆ ఇబ్బంది లేదు.

చేసే పద్ధతి చెబుతాను. తడి లేని గిన్నెలో జాంతన్ గమ్ ఒక టీస్పూను తలకొట్టి వేయండి. దాని మీద రెండు టీస్పూన్ల గ్లిజరిన్ పోసి ముద్దలా కలపండి. మెడికల్ షాపులో దొరికే మామూలు గ్లిజరిన్ చాలు, లేకపోతే వంటనూనె. ఈ మెట్టు దాటేయకండి. పొడిని నేరుగా నీళ్లలో వేస్తే ప్రతి ఉండకూ బయట జిగురు పొర కట్టేస్తుంది, లోపలి పొడికి ఇక నీరు అందదు. ఆ తెల్లటి ఉండలు ఎంత తిప్పినా కరగవు. ఇప్పుడు అరకప్పు, అంటే దాదాపు 120 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క ఫుడ్ కలర్ వేసి, కొద్దికొద్దిగా పోస్తూ ఫోర్కుతో గబగబా తిప్పండి. హోలీ రంగులు, ముగ్గు రంగులు వద్దు. పది పదిహేను నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే గట్టిపడుతుంది. పల్చగా ఉందని తొందరపడి ఇంకో స్పూను పొడి వేశారంటే రబ్బరు ముద్దలా తయారవుతుంది. చేతికి అంటుకుంటుంటే ఒకటి రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్ చల్లి పిసకండి.

బజారు స్లైమ్ లాగా ఇది తాడులా సాగదు, పాపకు ముందే చెప్పండి. బెండకాయ జిగురులా జారుతుంది, వణుకుతుంది. సాగే గుణం వెలిగారం వల్ల, అంటే బోరాక్స్ వల్ల వస్తుంది. బజారు స్లైమ్ జిగురులోని పొడవాటి అణువుల గొలుసులను అది ఒకదానికొకటి ముడివేస్తుంది.

పాప వేళ్లు పాడవడానికి నేను మొదట అనుమానించేది కూడా ఆ వెలిగారాన్నే. రోజూ గంటల తరబడి పిసికితే చర్మం మీది నూనె పొర పోయి, వేళ్ల సందుల్లో మంట, పగుళ్లు వస్తాయి. జిగురులోని ప్రిజర్వేటివ్‌లు, సువాసనలు పడకపోయినా ఇలాగే అవుతుంది. యూరప్‌లో జిగట బొమ్మల నుంచి కిలోకు 300 మిల్లీగ్రాములకు మించి బోరాన్ (వెలిగారంలో ఉండే మూలకం) బయటికి రాకూడదని నిబంధన ఉంది. 'బోరాక్స్ లేదు' అంటూ కాంటాక్ట్ లెన్స్ ద్రావణం, వంటసోడా వేయించే వీడియోలనూ నమ్మకండి. ఆ ద్రావణాల్లో చాలావాటిలో బోరిక్ యాసిడ్ గానీ బోరేట్ గానీ ఉంటుంది, అవీ బోరాన్ ఉన్నవే. రెండు వారాలు ఏ స్లైమూ ఇవ్వకండి. రోజుకు నాలుగైదుసార్లు వాసన లేని వ్యాజిలిన్ రాయండి. రసి కారినా, రెండు వారాలకు తగ్గకపోయినా చర్మ వైద్యులకు చూపించండి. పగుళ్లు పూర్తిగా మానాకే జాంతన్ స్లైమ్.

ఇక బాబు విషయం. తయారైన స్లైమ్ కొంచెం నోట్లో పెట్టుకుంటే భయపడాల్సిన పని లేదు, మహా అయితే ఒకటి రెండు విరేచనాలు. పెద్ద ముద్ద మాత్రం గొంతుకు అడ్డుపడొచ్చు, చేతికి అందనివ్వకండి. నాకు అసలు భయం ఇంకా నీళ్లు కలపని పొడితోనే. తడి తగిలితే అది గొంతులోనే ఉబ్బుతుంది. గోరుచిక్కుడు గింజల గ్వార్ గమ్‌తో చేసిన సన్నబడే మాత్రలు ఇలాగే అన్నవాహికలో అడ్డుపడుతున్నాయని 1990ల మొదట్లో అమెరికాలో వాటిని ఆపేశారు. ఇసబ్‌గోల్ పొట్టుదీ అదే తీరు. అందుకే పొడి కొలిచేది, కలిపేది మీరే. బాబు నిద్రపోతున్నప్పుడు, ఫ్యాన్ ఆపి చేయండి. గాల్లోకి లేచిన పొడి పీలిస్తే ఆయాసం ఉన్న పిల్లలకు దగ్గు ఎత్తుకుంటుంది. ప్యాకెట్‌ను సీసాలో పోసి పై అరలో పెట్టండి.

మామగారిని దృష్టిలో పెట్టుకుని ఇదీ చెప్పాలి. టైల్స్ మీద ఈ జిగురు పడితే అడుగు నిలవదు. పెద్ద ట్రేలో పెట్టి, ఒకేచోట కూర్చుని ఆడమనండి. కింద పడితే వెంటనే నీళ్లు పోయకండి, ఇంకా పాకుతుంది. ముందు పొడిగుడ్డతో గానీ పాత పేపరుతో గానీ ఎత్తేసి, ఆ తర్వాత సబ్బు నీళ్లతో తుడిచి ఆరనివ్వండి. ఇందులో ప్రిజర్వేటివ్ లేదు కాబట్టి మన వేసవిలో బయట ఒక్కరోజే. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు. పుల్లటి వాసన వచ్చినా, చుక్కలు కనిపించినా చెత్తబుట్టలో వేయండి. సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది.

ఒకవేళ బాబు పొడి నోట్లో పోసుకుంటే కనిపించినంత వరకు తడిగుడ్డతో తుడిచి తీసేయండి. కనపడనిదాని కోసం వేలు లోపలికి పెట్టి కెలకొద్దు. చొల్లు ఆగకుండా కారుతున్నా, మింగలేకపోతున్నా, ఊపిరి తీస్తుంటే శబ్దం వస్తున్నా నీళ్లు పట్టకండి, ఆ నీళ్లకు పొడి ఇంకా ఉబ్బుతుంది. గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గూ ఏడుపూ రాక ముఖం నీలంగా మారుతుంటే ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, ఆపైన వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కడం, ఇలా మార్చి మార్చి చేస్తూ ఇంకొకరితో 108కి ఫోన్ చేయించండి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో శ్వాస ఇవ్వడం) మొదలుపెట్టాలి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పొడి ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి.