టైమ్‌టేబుల్ వేసే పనికి ఇంజినీరింగ్ ఎందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. ఎడమ కాలువ కింద నాలుగెకరాల పొలం ఉంది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఏ అంతరిక్ష నౌకతో ఏ డిష్ (నేల మీది పెద్ద యాంటెన్నా) ఎప్పుడు మాట్లాడాలో టైమ్‌టేబుల్ వేసే పని చేస్తానంటోంది. దానికి ఇంజినీరింగ్ చదవాలా? అదీ ఒక ఉద్యోగమేనా సార్?

జవాబు: ఉద్యోగమేనండీ. అందులో ఏముందో మీకు వేరే చెప్పక్కర్లేదు, వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ చూసిన రైతు మీరు. కాలువ ఒకటే, తూములు ఎన్నో. పైన తూము ఎత్తగానే చివరి మడికి నీళ్లు రావు. ఆ ఆలస్యం లెక్కలోకి తీసుకోకపోతే చివరి రైతు పొలం ఎండుతుంది.

డిష్‌ల సంగతీ అంతే. బెంగళూరు దగ్గర బ్యాలాలులో ఇస్రోకు 32 మీటర్లది ఒకటి, 18 మీటర్లది ఒకటి ఉన్నాయి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. దాని ల్యాండర్ ఇంకా పని చేస్తుండగానే సెప్టెంబరు 2న సూర్యుణ్ని చూసే ఆదిత్య-ఎల్1 బయల్దేరింది. రెండింటికీ డిష్ కావాలి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి, దూరపు నౌక ఒక చోటి డిష్‌కు రోజులో కొన్ని గంటలే కనిపిస్తుంది. అందుకే నాసా భూగోళం చుట్టూ మూడు చోట్ల, అమెరికాలోని గోల్డ్‌స్టోన్, స్పెయిన్‌లోని మాడ్రిడ్, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాల్లో డిష్‌లు పెట్టుకుంది. అయినా చాలవు. దిగే నౌకను ఆగమనలేం. ఫొటోలు పంపే నౌకను కాసేపు ఆపొచ్చు, కానీ దాని మెమరీ నిండిపోతే కొత్త డేటాకు చోటుండదు. ఎంతో దూరం వెళ్లిపోయిన నాసా నౌక వాయేజర్-1కు ఇవాళ ఆదేశం పంపితే జవాబు రావడానికి దాదాపు రెండు రోజులు. ఆ గంటకు ఏదో ఒక డిష్ ఖాళీగా ఉండాలని ముందే రాసిపెట్టాలి. ఇదంతా నోటిలెక్కతో తేలేది కాదు. అందుకే ఇంజినీరింగ్.

ఈసీఈ గానీ సీఎస్‌ఈ గానీ తీసుకోనివ్వండి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలో చేరొచ్చు. బీటెక్ అయ్యాక ఇస్రో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టొచ్చు. అచ్చంగా ఈ పనికే ఉండే పోస్టులు మాత్రం తక్కువ, అది ఇప్పుడే తెలియాలి. కానీ ఈ లెక్కలకే ఆప్టిమైజేషన్ అని పేరు. రైళ్లకు, విమానాలకు, కరెంటు సరఫరాకు కూడా ఇవే కావాలి కాబట్టి చదువు వృథా పోతుందన్న టెన్షన్ వద్దు. ఉపగ్రహాల డేటా దిగే కేంద్రం మన పాత పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లోనే ఉందని కూడా అమ్మాయికి చెప్పండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మూడు డిష్‌లు, అయిదు నౌకలు, ఏది ఎప్పుడు కనిపిస్తుందో కాగితం మీద రాసిచ్చి వంతులు వేయమనండి. అంతా అయ్యాక, ఒక డిష్ నాలుగు గంటలు చెడిపోయిందని చెప్పండి. విసుక్కుంటుందో, ఇంకో కాగితం అడుగుతుందో చూసి నాకు రాయండి.