లండన్‌లో విక్టోరియా రాణి కాలంలో మధ్యతరగతి కుటుంబం ఎలా ఉండేదో తెలిసే ఇల్లు ఏదైనా ఉందా?

ఉందండీ. కెన్సింగ్టన్‌లో 18, స్టాఫర్డ్ టెర్రస్. ఇప్పుడది సాంబోర్న్ హౌస్ అనే మ్యూజియం. లండన్‌లో ఉన్న రోజుల్లో మా ఇంటికి ఎవరొచ్చినా ప్యాలెస్‌ల కంటే ముందు అక్కడికే తీసుకెళ్లేవాణ్ణి.

'పంచ్' పత్రికకు బొమ్మలు వేసే ఎడ్వర్డ్ లిన్లీ సాంబోర్న్, భార్య మేరియన్‌తో 1875లో ఆ ఇంట్లో దిగాడు. అప్పటికది కొత్త ఇల్లే. గోడకు గోడ ఆనుకుని ఉండే వరస ఇళ్లలో ఒకటి. జాగా ఇరుకు, అందుకని అంతస్తు మీద అంతస్తు లేచింది. నేలమాళిగలో వంటిల్లు, దానిపైన భోజనాల గది, ఆ పైన డ్రాయింగ్ రూమ్, తర్వాత పడకగదులు, చిట్టచివర కప్పు కింద పనమ్మాయి గది. వంట అట్టడుగున, ఆమె పడక అన్నిటికన్నా పైన! రోజంతా బొగ్గూ పళ్లేలూ మోసి, రాత్రి మళ్లీ అన్ని మెట్లూ ఎక్కాలి. ఆ ఇంటి దర్జా ఎవరి కాళ్ల మీద నిలబడిందో మెట్లెక్కితేనే అర్థమవుతుంది.

గోడలు దగ్గరగా చూడండి, ఖాళీ అన్నది కనపడదు, ఫ్రేము పక్కన ఫ్రేము. మొదట ఆ కాలపు పేరున్న డిజైనర్ విలియం మోరిస్ గీసిన వాల్‌పేపర్ అతికించారు. తర్వాత తోలులా ఉబ్బెత్తు నగిషీ ఉన్న జపాన్ కాగితం తెచ్చారు. అది ఖరీదెక్కువ కాబట్టి కంటికి కనిపించే మేరకే వేసి, పటాల వెనక పాతదే వదిలేశారు. ఆ పొదుపు చూస్తే నాకు ఎంత ముచ్చటేసిందో! బయటికి కళాకారుడి ఇల్లు, లోపల జీతం లెక్కలు చూసుకునే సంసారం. బొమ్మలకు నమూనాగా ఆయన వేలకొద్దీ ఫొటోలు తీసుకునేవాడు, వాటిని కడిగింది స్నానాల గదిలోనే.

1910లో ఆయన పోయాక కొడుకు రాయ్ పెద్దగా ఏమీ మార్చకుండా 1946 దాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఇల్లు ఎడ్వర్డ్ మనవరాలు, కూతురి కూతురు ఆన్ చేతికొచ్చింది. విక్టోరియా కాలపు కట్టడాలంటే జనానికి చిన్నచూపు, కూల్చేస్తున్న రోజులవి. వాటిని కాపాడటానికి 1958లో మొదలైన విక్టోరియన్ సొసైటీకి బీజం పడింది ఈ ఇంట్లోనే. 1980లో ఇంటిని అప్పటి నగర పాలక సంస్థ గ్రేటర్ లండన్ కౌన్సిల్ కొన్నది.

దగ్గర్లోనే లేటన్ హౌస్ ఉంది. అందులోని అరబ్ హాల్ గోడల టైల్స్ పని అద్భుతం, తప్పక చూడండి. కానీ అది పెళ్లి చేసుకోని చిత్రకారుడు తన కోసం కట్టించుకున్నది. మీరడిగిన సంసారం మాత్రం స్టాఫర్డ్ టెర్రస్‌లోనే కనిపిస్తుంది.