మొదటి మూట్‌కు ఏడు వారాలే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: లా స్కూల్లో మొదటి ఏడాది, ముగ్గురు కలిసి మూట్ కోర్టు (కల్పిత కేసు మీద విద్యార్థులే లాయర్లుగా వాదించే) పోటీకి పేర్లిచ్చారు, ప్రాబ్లం (ఆ కల్పిత కేసు వివరాల పత్రం) చేతికొచ్చింది, రెండు పక్షాల మెమోరియల్సూ (రాతపూర్వక వాదనలు) పంపడానికి ఏడు వారాల గడువుంది. సీనియర్లు వెంటనే కేసులు వెతకమంటున్నారు. మీకేమో టార్ట్స్ (నష్టపరిహారానికి దారితీసే పౌర తప్పుల చట్టం), కాంట్రాక్ట్స్ తప్ప ఇంకేమీ పరిచయం లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది మీ ప్రశ్న.

కేసులు ముందు కాదు. మొదటి మూడు రోజులూ ప్రాబ్లం తప్ప ఇంకేదీ ముట్టుకోకండి. మూట్‌లో సాక్షులుండరు, క్రాస్ ఎగ్జామినేషన్ ఉండదు. అది మాక్ ట్రయల్ (సాక్షులతో నడిపే నమూనా విచారణ) పని. ఇక్కడ ప్రాబ్లంలో ఏం రాసి ఉందో అదే వాస్తవం, దానికి ఒక్క అక్షరం కలపడానికి లేదు, తీసేయడానికి లేదు. కాబట్టి అందులో ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక పక్షానికి ఆయుధంగా ఉండాలనే పెట్టి ఉంటారు. ప్రింట్ తీసి, పేరాలకు నంబర్లు లేకపోతే మీరే వేసుకుని, కనీసం ఐదారుసార్లు చదవండి. రెండోసారి చదివేటప్పుడు నాలుగు గళ్ల పట్టిక గీయండి: పేరా నంబరు, తేదీ, జరిగింది, ఎవరికి పనికొస్తుంది. నాలుగో గడిలో 'ఇద్దరికీ' అని రాయాల్సి వచ్చిన వాక్యాలను వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి. మీ మూట్ అంతా ఆ ఏడెనిమిది వాక్యాల మీదే నడుస్తుంది.

ముఖ్యంగా చూడాల్సినవి కొన్ని ఉంటాయి. రెండు తేదీల మధ్య ఎక్కువ ఎడం ఉంటే ఆలస్యం మీద ఒక వాదన దాగి ఉంటుంది. నోటీసు 'పంపారు' అని మాత్రమే ఉందా, 'అందింది' అని కూడా ఉందా? ఒప్పందం మీద సంతకమే జరిగిందా, ఆమోదం కూడా పూర్తయిందా? 'తెలుసు', 'తెలిసి ఉండాల్సింది' అన్నవి రెండూ ఒకటి కావు. ఇక ప్రాబ్లం నోరు మెదపని చోటు ఒకటుంటుంది. అక్కడ కొత్తవాళ్లు ఊహించి నింపేస్తారు, బెంచ్ (జడ్జీలు) 'ఏ పేరాలో ఉంది' అని అడగగానే నిలబడిపోతారు. ఖాళీని నింపకూడదు, దాని మీదే వాదించాలి: రుజువు చేయాల్సిన భారం ఎవరిదైతే ఆ మౌనం వల్ల నష్టపోయేది వాళ్లే. వివరణలు కోరే గడువు ఉంటే వాడుకోండి గానీ, అడిగినదానికి జవాబు అన్ని టీములకూ వెళ్తుందని మరిచిపోవద్దు. మీ వాదన గుట్టు బయటపడేలా ప్రశ్న అడగొద్దు.

ఇదే సమయంలో రూల్స్ కూడా ముగ్గురూ విడివిడిగా చదవాలి. పదాల పరిమితిలో ఫుట్‌నోట్స్ లెక్కకు వస్తాయా, ఫాంట్ సైజు ఎంత, ఫైల్ పేరు ఎలా ఉండాలి, టీం కోడ్ తప్ప లా స్కూల్ పేరు ఎక్కడా కనబడకూడదా, ఫైల్ ప్రాపర్టీస్‌లో రాసినవాళ్ల పేరు మిగిలిపోయిందా. ఇలాంటి తప్పులకు మార్కులు లెక్కగట్టి కోసేస్తారు. మీ వాదన ఎంత బాగున్నా దాంతో సంబంధం ఉండదు.

పని పంచుకునేటప్పుడు ఒకరు అపెలెంట్ (అప్పీలు చేసిన పక్షం), ఒకరు రెస్పాండెంట్ (దానికి జవాబిచ్చే పక్షం) అని పక్షాల వారీగా విడదీస్తుంటారు. నేనైతే వద్దంటాను. ఇష్యూల (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నల) వారీగా పంచుకోండి. మొదటి రెండు ఇష్యూలు ఒకరివైతే, రెండు పక్షాల తరఫునా వాటిని వాళ్లే చదవాలి, వాళ్లే రాయాలి, వాళ్లే వాదించాలి. అవతలి వాదనను సొంతంగా రాసినవాళ్లకే ఇవతలి వాదన ఎక్కడ కుంటుతుందో తెలుస్తుంది. మీ మనసుకు నచ్చని పక్షం మెమోరియల్‌నే ముందు రాయండి. నచ్చిన పక్షంతో మొదలుపెడితే రెండోది చేతికి వచ్చేసరికి ఓపిక, రోజులు రెండూ అయిపోతాయి. మూడో మనిషి, అంటే ఆధారాలు వెతికి అందించే రీసెర్చర్ పాత్రను తక్కువగా చూడకండి. కొన్ని పోటీల్లో రీసెర్చర్లకు ప్రత్యేక పరీక్ష, బహుమతి కూడా ఉంటాయి. ఏ పేరాలో ఏముందో, ఏ కేసులో ఏ పేజీలో ఏముందో క్షణంలో తీసి ఇవ్వగలిగేది ఆ మనిషే.

నాలుగో రోజు నుంచి పరిశోధన. డేటాబేస్‌లో మాట కొట్టి మొదలుపెడితే వందల తీర్పులు వచ్చి పడతాయి, ఏది ముఖ్యమో తేలదు. ముందు ఆ సబ్జెక్టు మీద ప్రామాణికమైన టెక్స్ట్‌బుక్‌లో సంబంధిత అధ్యాయం చదవండి. దాని ఫుట్‌నోట్స్‌లో పదే పదే కనబడే నాలుగైదు కేసులు పట్టుకోండి, ఆ తర్వాత వాటిని ఏ కోర్టులు అనుసరించాయో, ఏవి పక్కన పెట్టాయో డేటాబేస్‌లో చూడండి. రద్దయిపోయిన తీర్పును నమ్ముకోవడం, అసమ్మతి తీర్పులోని వాక్యాన్ని మెజారిటీ మాటగా చూపడం, హెడ్‌నోట్ (తీర్పు పైన వేసే సారాంశం) చదివి కేసు చదివామనుకోవడం: ఈ మూడూ బెంచ్ ముందు ఇట్టే బయటపడతాయి.

కేసు చదవడమంటే ఏమిటో, మీరు టార్ట్స్ క్లాసులో చూసే ఉండే డొనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్‌తోనే చెబుతాను. 1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పైస్లీలో ఒక కేఫ్‌లో మే డొనహ్యూకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిపెట్టింది. సీసా గాజు ముదురు రంగుది, లోపల ఏముందో కనబడదు. కుళ్లిన నత్త అందులోంచి బయటపడిందని, తాను జబ్బు పడ్డానని ఆమె ఫిర్యాదు. కొన్నది స్నేహితురాలు కాబట్టి కాంట్రాక్ట్ దారి మూసుకుపోయింది. 1932లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్‌లో ఆఖరి అప్పీలు కోర్టు) ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తీర్పిచ్చి, తయారీదారుకు వినియోగదారు పట్ల జాగ్రత్త బాధ్యత ఉందన్నది. ఇంతవరకు అందరూ చెబుతారు. మూట్‌కు కావాల్సింది ఆ తర్వాతి భాగం. మెజారిటీలో ఉన్న లార్డ్ అట్కిన్ తీర్పులో రెండు సూత్రాలున్నాయి. ఒకటి విశాలమైనది: నా పనివల్ల దెబ్బతినే అవకాశం ఉందని ముందే తోచాల్సిన ప్రతివాళ్లూ చట్టం దృష్టిలో నా పొరుగువాళ్లే. రెండోది ఇరుకైనది: తయారీదారు వస్తువును తన చేతి నుంచి వెళ్లిన రూపంలోనే వినియోగదారుకు చేరేలా అమ్మినప్పుడు, మధ్యలో తనిఖీ చేసే వీలు లేనప్పుడు మాత్రమే బాధ్యత. బాధితుల తరఫు లాయరు మొదటిదాన్ని పట్టుకుంటారు. కంపెనీ తరఫు లాయరు 'మధ్యలో తనిఖీ' అన్న రెండు మాటలు పట్టుకుని, మా వస్తువును డీలరు తెరిచి చూశాడుగా అంటారు. ఒకే తీర్పు రెండు పక్షాలకూ పనికొస్తుందంటే ఇదే.

ఇంకో సంగతి. ఆ సీసాలో నత్త నిజంగా ఉందా లేదా అన్నది ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఆమె చెప్పినవన్నీ నిజమే అనుకుంటే చట్టం ఒప్పుకుంటుందా అన్న ఒక్క ప్రశ్న మీదే లార్డ్స్ తీర్పిచ్చారు. తర్వాత తయారీదారు స్టీవెన్‌సన్ చనిపోవడం, కేసు రాజీతో ముగియడం జరిగాయి. వాస్తవాలను ఉన్నవున్నట్టు ఒప్పుకుని చట్టం మీద మాత్రమే వాదించడం మూట్‌లో మీరు చేయబోయే పనే. అందుకే ఆ తీర్పును మొదటి నుంచి చివరిదాకా, లార్డ్ బక్‌మాస్టర్ అసమ్మతితో సహా చదవమని నా సలహా.

చదివిన ప్రతి కేసుకూ ఒక కార్డు రాసుకోండి: కోర్టు, ఏడాది, ఎంతమందిలో ఎంతమంది మెజారిటీ, రెండు వాక్యాల్లో వాస్తవాలు, ఒక్క వాక్యంలో రేషియో (తీర్పుకు ఆధారమైన సూత్రం), పేరా లేదా పేజీ నంబరు, చివరగా మన ప్రాబ్లంతో ఎక్కడ కలుస్తుంది, ఎక్కడ విడిపోతుంది. ఆ చివరి గీత రాయలేకపోతే ఆ కేసు మీకింకా అర్థం కాలేదన్నమాట. ఇష్యూకు ఇలాంటి కార్డులు పది, పన్నెండు ఉంటే చాలు. అరవై కేసుల పేర్లు ఫుట్‌నోట్స్‌లో గుమ్మరించిన మెమోరియల్ కంటే ఇది ఎంతో గట్టిగా నిలబడుతుంది.

రెండో వారం చివరికి వాదనల చట్రం ఒక్క పేజీలో రావాలి. మూడు, నాలుగు వారాల్లో మొదటి మెమోరియల్, ఐదులో రెండోది, ఆరులో కోతలు, ఏడులో సైటేషన్లు (ఆధారాల ప్రస్తావనలు), ఫార్మాట్. గడువుకు ఒక రోజు ముందే పంపేయండి. మెమోరియల్‌లో విషయసూచిక, అథారిటీస్ జాబితా, న్యాయపరిధి, వాస్తవాలు, ఇష్యూలు, వాదనల సారాంశం, వాదనలు, ప్రేయర్ (కోర్టును ఏం ఇమ్మని కోరుతున్నారో) వరుసగా వస్తాయి గానీ రాయడం ఆ వరుసలో కాదు. ముందు వాదనలు, ఆఖరున సారాంశం. వాదన శీర్షిక పూర్తి వాక్యంగా ఉండాలి. 'జాగ్రత్త బాధ్యత' అని పెడితే ఏమీ చెప్పినట్టు కాదు. 'సీసా తెరవకుండా లోపల చూసే వీలు లేదు కాబట్టి బాధ్యత తయారీదారుదే' అంటే శీర్షికే వాదిస్తుంది. కొత్తవాళ్ల రాతలో సూత్రం మూడు పేజీలుంటుంది, దాన్ని మన వాస్తవాలకు అన్వయించడం మూడు లైన్లుంటుంది. మీరు దీన్ని తిరగేయండి. అన్వయం కనీసం సగం ఉండాలి, అందులో ప్రతి వాస్తవానికీ పేరా నంబరు పడాలి.

'ఒకవేళ బాధ్యత ఉందనుకున్నా ఉల్లంఘన జరగలేదు' అన్న తరహా ప్రత్యామ్నాయ వాదన పెట్టుకోవచ్చు. అయితే మొదటి వాదనలో ఒక వాస్తవాన్ని కాదని, రెండోదానిలో అదే వాస్తవం మీద ఆధారపడకూడదు. వాస్తవాల భాగంలో వాదించకండి, మీకు గిట్టని వాస్తవాన్ని దాచనూ వద్దు. ప్రేయర్‌లో ఆ కోర్టుకు ఇచ్చే అధికారం ఉన్న ఉపశమనాన్నే అడగాలి. ఓస్కోలా, బ్లూబుక్ అనే సైటేషన్ పద్ధతుల్లో ఏదైనా, సైటేషన్ అప్పటికప్పుడే పూర్తిగా రాసుకోండి. చివరి రాత్రికి వదిలేస్తే పేజీ నంబర్ల కోసం అన్ని తీర్పులూ మళ్లీ తెరవాల్సి వస్తుంది.

నోటి వాదనకు ప్రసంగం బట్టీ పట్టకండి. బెంచ్ మొదటి ప్రశ్న వేయగానే బట్టీ తెగిపోతుంది, మళ్లీ అతకదు. ఒకే వాదనను పన్నెండు నిమిషాల్లో, ఆరు నిమిషాల్లో, రెండు నిమిషాల్లో చెప్పడం సాధన చేయండి, ఎందుకంటే సగం సమయం ప్రశ్నలకే పోతుంది. ప్రశ్న వచ్చిందంటే ముందు అవునో కాదో చెప్పాలి, తర్వాత కారణం, తర్వాత ఆధారం, ఆ వెంటనే మీ వాదనలోకి తిరిగి రావాలి. 'ఆ విషయానికి తర్వాత వస్తాను' అన్న జవాబు వద్దే వద్దు. బెంచ్‌కు ఇప్పుడు కావాలి కాబట్టే అడిగింది. ఊహాజనిత ప్రశ్న వేస్తే, మన ప్రాబ్లంలోని ఏ వాస్తవాన్ని మార్చి అడిగారో గమనించండి, జవాబు అక్కడే ఉంటుంది. ఏవి ఒప్పుకుంటే ఫరవాలేదు, ఏవి ఒప్పుకుంటే కేసే పోతుంది అన్న రెండు జాబితాలు ముందే రాసుకోవాలి. ప్రాబ్లం గురించి ఏమీ తెలియని క్లాస్‌మేట్స్‌ను జడ్జీలుగా కూర్చోబెట్టి పదిసార్లైనా నిలబడండి. మీరు సహజమనుకుని దాటేసిన మెట్టును పట్టుకునేది వాళ్లే. రెబటల్‌లో (అవతలి వాదనకు చివర్లో ఇచ్చే జవాబులో) రెండంటే రెండు పాయింట్లు. రెండూ అవతలివాళ్లు ఇప్పుడే అన్న మాటకు జవాబులుగా ఉండాలి.

క్లాసులు ఎగ్గొట్టి చేయాల్సినంత పని కాదిది. రోజుకు రెండు గంటలు, వారానికి ఒక్క సమావేశం చాలు. జెస్సప్ (అంతర్జాతీయ చట్టం), విస్ (వాణిజ్య మధ్యవర్తిత్వం) లాంటి పెద్ద పోటీలకు మాత్రం మొదటి ఏడాదే దిగమని చెప్పను. విస్ ప్రాబ్లం అక్టోబర్‌లో వస్తుంది, క్లెయిమెంట్ (దావా వేసిన పక్షం) మెమోరాండం డిసెంబర్‌లో, రెస్పాండెంట్‌ది జనవరిలో పంపాలి, వియన్నాలో వాదనలు ఈస్టర్ ముందు జరుగుతాయి. అంటే చదువుల ఏడాదంతా దానికే పోతుంది. జెస్సప్‌లో ఒక్కో పక్షానికి 45 నిమిషాలు వాదన, అదీ అంతర్జాతీయ న్యాయస్థానం ముందున్నట్టుగా. ఆ కోర్టు శాసనంలో, అంతర్జాతీయ చట్టానికి మూలాలేవో చెప్పే 38వ అధికరణం కూడా చదవకుండా వెళ్తే మొదటి ప్రశ్నకే ఆగిపోతారు. పబ్లిక్ ఇంటర్నేషనల్ లా క్లాసు అయ్యాక దానికి వెళ్లండి.

వాదన రోజు పోడియం దగ్గరకు తీసుకెళ్లాల్సినవి కొన్నే. పేరాల దగ్గర ట్యాబ్‌లు అతికించిన ప్రాబ్లం, ఒక్క పేజీ చట్రం, ఇష్యూకు ఐదారు కేసు కార్డులు, శబ్దం చేయని గడియారం, మంచినీళ్లు. మెమోరియల్ కాపీని పక్కనున్న రీసెర్చర్ చేతిలో ఉంచండి. మీ ముందు ఉంటే కళ్లు దాని మీదికే పోతాయి, బెంచ్ మీద ఉండవు.