బైరాగికి అంటిన బొగ్గు

చిత్తూరు

పాపా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు తిరుపతి గంగమ్మ జాతర మీద ఐదు నిమిషాల యానిమేషన్ తీస్తున్నావనీ, ఉద్యోగం వెతకడం లేదనీ ఒకే ఊపిరిలో చెప్పింది. "నువ్వే పాడు చేశావు దాన్ని" అని నన్ను తిట్టింది కూడా. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నా. తర్వాత నిద్ర పట్టలేదు.

ఐదు నిమిషాలంటే సెకనుకు 24 చొప్పున 7,200 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలబెట్టినా 3,600 బొమ్మలు. అన్నీ గీస్తూ కూర్చుంటే వచ్చే ఏడాది జాతర కూడా అయిపోతుంది. కాబట్టి కటౌట్‌లో చేస్తావు, అంటే ఒకసారి గీసిన ఒళ్లు ముక్కల్నే కదుపుతావు. జాతరలో లాగే ఒకే మనిషికి రోజుకో వేషం వేస్తావు. నా భయమంతా అక్కడే.

లేయర్లకు, అంటే బొమ్మల పొరలకు, పేర్లు పెట్టు. రోజూ రాత్రి వేరే డిస్క్‌లోకి కాపీ తీసుకో. వేళకి అన్నం తిను.

ఇక అసలు సంగతి. మనం వాడే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ హార్మనీలో, ఫ్రేములు వరసగా కనిపించే టైమ్‌లైన్ మీద ఒక బొమ్మను కాపీ చేసి ముందుకెళ్లి పేస్ట్ చేస్తే కొత్త బొమ్మ పుట్టదు. పాతదే రెండోచోటా కనిపిస్తుంది. లేయర్‌ను క్లోన్ చేసినా అంతే, లోపలి బొమ్మలు ఉమ్మడి ఆస్తి. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరుగుతుంది. విడిగా కావాలంటే లేయర్‌నైతే డూప్లికేట్ చెయ్యి, ఒక్క బొమ్మకైతే డూప్లికేట్ డ్రాయింగ్ ఉంది.

ఇది తెలిసి కూడా నేను చేసిన పని చెప్తాను. మీ అమ్మకి కూడా తెలియదు.

హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో ఉన్న రోజులు. 20 సెకన్ల సీన్. మొదటి సగం పలమనేరు నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడిది, అందులో ముసలాయన దణ్ణం పెడతాడు. చివరి సగం నాది, ఆయన స్తంభం వెనక్కి చెయ్యి పెడతాడు. చెయ్యి ముందుకొచ్చి కనబడుతోంది. లేయర్‌ను లోతులో కాస్త వెనక్కి జరిపితే సరిపోయేది. రాత్రి పదకొండయింది, నాకు బద్ధకం. రబ్బరు తీసుకుని వేళ్లు చెరిపేశాను. నా 240 ఫ్రేములు చూసుకుని ఇంటికి పోయాను.

పొద్దున పెద్ద స్క్రీన్ మీద సీన్ వేస్తే, ముసలాయన వేళ్లు లేని చేత్తో దణ్ణం పెడుతున్నాడు. అందరూ నవ్వారు, మా లీడ్ తప్ప. "దణ్ణం ఎవరిది?" అన్నాడు. ఆ కుర్రాడు లేచి నిలబడ్డాడు. నాకు అప్పుడే అర్థమైంది, అయినా తల ఎత్తలేదు.

వాడు ఆ రాత్రంతా కూర్చుని వేళ్లు మళ్లీ గీశాడు. అదే బొమ్మ కదా, నా స్తంభం ముందు కూడా వేళ్లు మొలిచాయి. తెల్లారి నా దగ్గరికొచ్చి, "అన్నా, మీ షాట్‌లో చెయ్యి బయటికొచ్చింది. నేనేమైనా చెడగొట్టానా?" అని అడిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను చూసుకుంటాలే" అన్నాను. డూప్లికేట్ డ్రాయింగ్ కొట్టాను, నిమిషం పట్టలేదు. నిజం చెప్పడానికి అంతకంటే తక్కువే పట్టేది. టీ మాత్రం నేనే ఇప్పించాను, సిగ్గులేకుండా.

నీతో పాటు ఇద్దరు స్నేహితులు పని చేస్తున్నారని విన్నాను. ఏదైనా బొమ్మ ముట్టుకునే ముందు అది ఇంకెక్కడెక్కడ ఉందో టైమ్‌లైన్ మొదటి నుంచి చివరి దాకా చూడు. చెడిపోతే వాళ్లు అడగక ముందే చెప్పు. నువ్వు నాలాగే మొండిదానివి, అందుకే రెండుసార్లు చెప్తున్నా.

వేషాల రంగులకి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. బైరాగికి ఒంటినిండా నామపుకొమ్ము, బండవేషానికి కుంకుమ, తోటివేషానికి బొగ్గు, దొరవేషానికి గంధం. ఒళ్లు ఒకటే కాబట్టి బొమ్మ ముట్టుకోకు. రంగుల పట్టీ ఉంటుంది కదా, ఆ పాలెట్‌ను క్లోన్ చెయ్యి, రంగు మార్చు, ఆ రోజు సీన్‌లో దాన్ని జాబితాలో పైకి జరుపు. ఒళ్లంతా నల్లబడుతుంది. ఇక్కడ డూప్లికేట్ చేశావో, ఒక్కో రంగుకు లోపలుండే గుర్తింపు మారిపోయి బొమ్మ దాన్ని లెక్కచెయ్యదు. క్లోన్ చెయ్యకుండా ఉన్న పాలెట్‌లోనే తెలుపును నలుపు చేశావో, మొదటి రోజు బైరాగి కూడా మసి పూసుకుని వస్తాడు.

నాకు ఆరేళ్లప్పుడు మీ తాత మొక్కు తీర్చడానికి తోటివేషం వేయించాడు. తాతయ్యగుంట గుడి దాకా ఏడుస్తూనే నడిచాను. ఆ ఫొటో మీ అమ్మ బీరువాలో ఉంది, అడుగు. బొగ్గు మీద రెండు బుగ్గలకీ కన్నీటి చారలుంటాయి. సినిమాలో పెట్టుకుంటే పెట్టుకో. చారలు మాత్రం వేరే లేయర్‌లో గియ్యి తల్లీ, మిగతా రోజులు కూడా నన్ను ఏడిపించకు.

మీ మామ