బేస్‌బాల్‌కు ముందు పిల్లల బంతాట

ప్రశ్న: బేస్‌బాల్‌కు నియమాలు ఏర్పడకముందు అమెరికా పిల్లలు ముగ్గురే ఉంటే ఎలా ఆడేవారు? బంతి ఎక్కడిది?

జవాబు: ముగ్గురికి సరిపోయే ఆట ‘వన్ ఓల్డ్ క్యాట్’. ఒకరు బంతి విసరాలి, ఒకరు కొట్టాలి, ఇంకొకరు వెనక నిలబడి పట్టాలి. కొట్టినవాడు ఎదురుగా ఉన్న ఒకే ఒక్క బేస్ (పరుగెత్తి చేరాల్సిన గుర్తు) దాకా పరుగెత్తి, వెనక్కి రావాలి. క్యాచ్ పడితే ఔట్. చాలాచోట్ల పరుగెత్తేవాడిని బంతితో కొట్టినా ఔటే! అందుకే బంతి మెత్తగా ఉండాల్సి వచ్చేది.

బంతి ఇంట్లోనే చేసుకునేవారు. పాత ఊలు మేజోళ్లు విప్పి, ఆ దారాన్ని చిన్న రబ్బరు ముక్క చుట్టూ చుట్టి, పైన తోలు కుట్టేవారు. ఇక్కడ ఓపిక కావాలి: ప్రతి నాలుగైదు చుట్లకూ ఉండను తిప్పుతూ, దారం బిగువు ఒకేలా ఉంచాలి. లేకపోతే ఒకవైపు వదులై, నాలుగు దెబ్బలకే బంతి సొట్టపోతుంది. రబ్బరు ఎక్కువైతే మరీ ఎగురుతుంది.

1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ అనే బేస్‌బాల్ క్లబ్ పరుగెత్తేవాడి మీదికి బంతి విసరడాన్ని నిషేధించింది. అప్పటినుంచి గట్టి బంతితో ఆడే వీలు కలిగింది. ఆటను నిజంగా మార్చిన నియమం ఇదే.