గ్రానైట్ వేయించకముందే ఆ అక్షరాలు చదవండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా మామిడితోటలో తాతగారి వంశంలోని పెద్దాయన సమాధి ఉంది. బెల్లం వ్యాపారం చేసి బాగా సంపాదించారని విన్నాం, అంతకుమించి చెప్పగలిగే పెద్దవాళ్లు ఇప్పుడు లేరు. రాయికి ఒకవైపు తెలుగు, ఇంకోవైపు అరవం ఉంది కానీ నాచు పట్టి 'ధాత నామ సంవత్సర' అన్నది తప్ప ఏమీ కనబడదు. అన్నదమ్ములేమో చుట్టూ గ్రానైట్ వేయిద్దాం అంటున్నారు. ఈ రాయి వల్ల మా వాళ్ల చరిత్ర ఏమైనా తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: చాలా తెలుస్తుందమ్మా. ముందు ఆ గ్రానైట్ పని ఆపించండి. పలకలు అతికించాక లోపలి అక్షరాలు పోయినట్టే, మళ్లీ ఊడదీస్తే రాయి పెచ్చులతో సహా వస్తుంది.

మీరు చదివిన ఆ ఒక్క మాటే పెద్ద ఆధారం. ధాత 60 ఏళ్లకోసారి వస్తుంది కాబట్టి అది 1876–77 అయినా కావాలి, 1936–37 అయినా కావాలి. పక్కన శక సంవత్సరం ఉంటే దానికి 78 కలపండి, ఇంగ్లీషు ఏడాది వస్తుంది. ఆ శక సంవత్సరం 1798 అయితే మొదటిది, 1858 అయితే రెండోది. అది చెరిగిపోయి తిథి, వారం మిగిలినా చాలు, పాత పంచాంగం చూసే సిద్ధాంతిగారు ఆ రెంటిలో ఏ ఏడాదికి కుదురుతుందో చెప్పగలరు. 'ఉత్తర ఆర్కాటు జిల్లా' అని ఉంటే మాత్రం ఆలోచించే పనే లేదు, మొదటిదే, ఎందుకంటే అంతకుముందు ఆ జిల్లాలో ఉన్న చిత్తూరు వేరే జిల్లాగా ఏర్పడింది 1911లో.

మొదటిదే అయితే అది మన సీమలో ఇప్పటికీ ధాత కరువు అని చెప్పుకునే కాలం. వానలు లేక 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో (అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో) చాలా భాగం అల్లాడింది, ఆ రోజుల్లోనే ధాన్యం బయటి ఊళ్లకు ఎగుమతి కూడా అయింది. అలాంటప్పుడు ఒక వర్తకుడి సమాధి మీద అన్నదానం గురించో, సత్రం గురించో, బావి తవ్వించడం గురించో ఏం రాయించారన్నది నాకైతే పేరుకన్నా ముఖ్యం. కరువు ఏడాది పోయారు కదా అని కరువు వల్లే పోయారని మాత్రం అనుకోకండి, అది రాయి చెబితేనే నమ్మాలి.

చనిపోయారు అనడానికి ఏ మాట వాడారో చూడండి. 'పరమపదించిరి' అంటే సాధారణంగా వైష్ణవం పాటించే ఇల్లు, 'లింగైక్యము' అంటే వీరశైవులు, వాళ్లలో ఖననం ఆచారం కూడా. తిరుమలలో కైంకర్యం గురించి రాసి మహంతుగారి ప్రస్తావన ఉంటే అది హథీరాంజీ మఠం వారు ఆలయాన్ని చూసుకున్న 1843–1933 మధ్య ముచ్చట అన్నమాట. తమిళ వైపు కూడా వదలొద్దు. రెండు వైపులా ఒకే సంగతి ఉండాలని లేదు, పైగా పాత తమిళ అంకెల్లో పదికి, నూరుకి, వెయ్యికి వేరే గుర్తులుంటాయి, అవి అక్షరాలనుకుని దాటేస్తారు. వేలూరు వైపు చుట్టాల్లో తమిళం బాగా వచ్చిన పెద్దవాళ్లకు చూపించండి.

నాచును నీళ్లు, మెత్తని బ్రష్‌తో తియ్యండి. యాసిడ్, ఇనుప బ్రష్ వద్దు, అక్షరాల్లో పెయింట్ అసలే వద్దు. రాత్రిపూట టార్చిని రాయి పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుని ఫోన్‌తో ఫొటోలు తీస్తే పగలు కనబడని గీతలు కూడా కనిపిస్తాయి.

ఒక సంగతి బాధగా ఉంటుంది కానీ చెప్పాలి. ఇలాంటి రాళ్ల మీద తండ్రి పేరు, కొడుకుల పేర్లు ఉంటాయి, ఇంటావిడ పేరు చాలాసార్లు ఉండదు. ఆమె కోసం పాత దస్తావేజులు వెతకండి. ఇంట్లో లేకపోతే రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్లకు అర్జీ పెట్టండి. 'ఫలానా వారి కుమారుడు, వర్తకం, ఫలానా ఊరి కాపురం' అని అందులో రాస్తారు, రైతులకు అప్పిచ్చిన తనఖా పత్రాలుంటే వ్యాపారం ఎంతదూరం సాగిందో తెలుస్తుంది, ఆడవాళ్ల పేరు మీద రాసిన భూములు, ఇళ్లు ఉంటే వాళ్ల పేర్లూ బయటపడతాయి. వాటిలో ఫసలీ లెక్క, అంటే భూమిశిస్తు సంవత్సరం ఉంటే, ఇంగ్లీషు ఏడాది కోసం 590 కలపండి.

సమాధికి బీటలుంటే సిమెంటుతో పూడ్చకుండా సున్నం పని తెలిసిన మేస్త్రీని పిలవండి. మీ అన్నదమ్ములకు అంతగా గ్రానైట్ వేయించాలనే ఉంటే, సమాధిని ముట్టుకోకుండా పక్కన ఒక పలక నిలబెట్టి, చదివిందంతా ఆ పెద్దాయన భార్య పేరుతో సహా దాని మీద చెక్కించమనండి.